మా వైపు చూసే పూలు

నిన్న సాయంత్రం మేడ మీద తొట్టిలో ఉన్న పొద్దుతిరుగుడు పువ్వొకటి కోశాను. వెనకభాగం పసుపు తిరిగి, అంచులు గోధుమరంగులోకి వచ్చేశాయి. బరువుకి మెడ వాల్చేసి ఉంది. కాడ కోసి పువ్వుని చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పేసరికి వేళ్ళకి జిగురంటుకుంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

ఆ వాసన తెలిసినవాళ్ళకి తెలుస్తుంది. పువ్వు వాసన కాదది, మొక్క వాసన. నలిపిన చామంతి ఆకుకీ అప్పుడే చిత్రిక పట్టిన చెక్కపొట్టుకీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. సబ్బుతో రెండుసార్లు కడిగినా పోదు. ఆ వాసనతో పాటు మా నానమ్మ చేతులు గుర్తొచ్చాయి. పొద్దుతిరుగుడు వేసిన రోజుల్లో ఆవిడ నా తల దువ్వినా, దుప్పటి కప్పినా అదే వాసన వచ్చేది. చాలాసేపు అక్కడే పిట్టగోడకి ఆనుకుని కూర్చుండిపోయాను.

మా ఇల్లు తూర్పు ముఖం. ముందు చిన్న ఖాళీస్థలం, ప్రహరీ, దాని అవతల వీధి. వెనక పెద్ద పెరడు, బావి, పెరడు చివర పడమటి గోడ. ఆ గోడ పొడుగునా నానమ్మ పొద్దుతిరుగుడు వేసేది. మిగతా మొక్కలు ఏడాదికో చోటికి మారేవి కానీ, ఈ వరస మాత్రం ఆ గోడ వారనే, కాస్త అటూ ఇటూ జరిగేదంతే.

విత్తనాలు ముందురోజు రాత్రి చెంబులో నీళ్ళు పోసి నానేసేది. పొద్దున్నే పైకి తేలినవాటిని ఏరి పక్కన పెట్టేది. నాకూ తమ్ముడికీ చెరో గుప్పెడు ఇచ్చేది. వేలితో గుంత చేయాలి. మొదటి కణుపు దాకా, అంతకంటే లోతు వద్దు. మొన ఉన్న వైపు కిందికి ఉండాలి. ఒక్కో గుంతలో రెండేసి గింజలు. గుంతకీ గుంతకీ మధ్య మూరెడు దూరం. తమ్ముడి మూర వేరు, నా మూర వేరు కాబట్టి ఆ వరస ఎప్పుడూ సమంగా వచ్చేది కాదు. నానమ్మ దాన్ని సరిచేసేది కాదు. "మీ చేతికొలతే మీ వరస" అనేది.

ఆ తర్వాత వారం రోజులు మాకు వేరే పని ఉండేది కాదు. పొద్దున లేవగానే పెరట్లోకి పరుగు. మట్టి ముందు చిన్నగా పగిలేది. ఆ పగులులోంచి వంగిన మెడలాగా తెల్లటి కాడ కనిపించేది. మర్నాటికి అది నిటారుగా లేచేది, నెత్తిన గింజపొట్టు టోపీలాగా పెట్టుకుని. ఆ టోపీ తీసేయాలని మాకు ఒకటే ఆత్రం. ఒకసారి తమ్ముడు పొట్టు పట్టుకుని లాగితే దాంతోపాటు రెండు బీజదళాలూ ఊడొచ్చాయి. మోడుగా మిగిలిన ఆ కాడని చూసి వాడు ఆ రోజంతా ఏమీ మాట్లాడలేదు. నానమ్మ తిట్టలేదు. మరో మొలక దగ్గర కూర్చోబెట్టి, వేలి చివర నీటిచుక్క తీసుకుని పొట్టు మీద వదిలింది. కాసేపాగి మళ్ళీ ఒకటి. పొట్టు మెత్తబడ్డాక రెండు వేళ్ళతో అలా తాకితే జారిపోయింది. ఇప్పటికీ పొట్టు విడిపించుకోలేకపోతున్న మొలక కనిపిస్తే నేను అదే చేస్తాను.

రెండు మొలకలూ వచ్చిన చోట బలహీనంగా ఉన్నదాన్ని తీసేయాలి. అది నాకు కష్టంగా ఉండేది. తీసినదాన్ని ఇంకోచోట నాటుతానని మారాం చేసేదాన్ని. నాటితే ఒకటి రెండు బతికేవి, ఎక్కువ బతికేవి కావు. పొద్దుతిరుగుడుకి తల్లివేరు నేరుగా కిందికి దిగుతుంది. దాన్ని కదిపితే మొక్క కోలుకోవడానికి చాలా రోజులు పడుతుంది. అందుకే తొట్లలో పెంచేటప్పుడు కూడా నేను నారు పోసి మార్చను. ఎక్కడ పెరగాలో అక్కడే గింజ వేస్తాను.

*

మొక్క మోకాలెత్తు దాటాక అసలు వింత మొదలయ్యేది.

పొద్దున బడికి వెళ్ళేటప్పుడు చిగుర్లన్నీ ఇంటి వైపు, అంటే తూర్పుకి వంగి ఉండేవి. సాయంత్రం వచ్చేసరికి అన్నీ గోడ వైపు తిరిగిపోయేవి. వరస మొత్తం ఒక్క మాట మీద ఉన్నట్టు. మరి మళ్ళీ తెల్లారేసరికి తూర్పుకి ఎలా వస్తున్నాయి? రాత్రి సూర్యుడు లేడు కదా! నాకూ తమ్ముడికీ ఇది తేల్చుకోవలసిన విషయమైపోయింది. ఒక రాత్రి నానమ్మని ఒప్పించి పెరటి వరండాలో నులకమంచం వేయించుకుని, టార్చిలైటు పక్కన పెట్టుకుని పడుకున్నాం. పడుకునే ముందు చూస్తే గోడ వైపే ఉన్నాయి. అర్ధరాత్రి నానమ్మ నన్ను తట్టి లేపింది. తమ్ముడు లేవలేదు. ఇద్దరం చెప్పుల్లేకుండా తడిమట్టిలో నడుచుకుంటూ వెళ్ళాం. టార్చి వెలుగులో మొక్కలన్నీ నిటారుగా, ఆకాశంలోకి చూస్తున్నాయి. అటూ కాదు, ఇటూ కాదు. కీచురాళ్ళ చప్పుడు తప్ప ఇంకేం లేదు. "వస్తున్నాయే, దారిలో ఉన్నాయి" అంది నానమ్మ మెల్లగా, వాటికి వినబడకూడదన్నట్టు. తెలతెలవారుతుండగా చూస్తే అప్పటికే తూర్పుకి వంగి ఉన్నాయి. ఇంకా పొద్దు పొడవలేదు.

తమ్ముడు దీనికో పరీక్ష పెట్టాడు. డబ్బాలో ఉన్న ఒక మొక్కని సాయంత్రంపూట వెనక్కి తిప్పేశాడు. మర్నాడు పొద్దున మిగతావన్నీ తూర్పు చూస్తుంటే అదొక్కటీ పడమరకి వంగి ఉంది. పాపం, తనకి తెలిసిన తూర్పుకే అది తిరిగింది. మళ్ళీ అందరితో కలవడానికి దానికి మూడు నాలుగు రోజులు పట్టింది. అన్ని రోజులూ నానమ్మ తమ్ముడి మీద కోపంగానే ఉంది.

దీని వెనకున్న సంగతి నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. 2016లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖలోని స్టేసీ హార్మర్, ఆవిడ సహచరులు 'సైన్స్' పత్రికలో దీని మీద పరిశోధన ప్రచురించారు. మొక్కలోపల ఒక గడియారం ఉంటుందట. పగలు కాండం తూర్పు వైపు ఎక్కువ పెరుగుతుంది, దాంతో తల పడమరకి వాలుతుంది. రాత్రి పడమటి వైపు ఎక్కువ పెరుగుతుంది, తల తూర్పుకి వస్తుంది. తిరగడమంటే పెరగడమేనన్నమాట. అది చదివినప్పుడు నేను ఆఫీసులో ఉన్నాను. "దారిలో ఉన్నాయి" అన్న నానమ్మ గొంతు చెవిలో వినిపించింది. ఎవరికైనా చెప్పాలనిపించింది కానీ చెప్పవలసిన మనిషి అప్పటికి లేదు.

స్పానిష్‌లో దీన్ని హిరసోల్ అంటారు, ఫ్రెంచిలో తూర్న్‌సోల్. రెండిటికీ అర్థం పొద్దుతిరుగుడే. ఉత్తర అమెరికాలో పుట్టి, 16వ శతాబ్దంలో స్పెయిన్ వాళ్ళ ఓడల్లో సముద్రం దాటిన మొక్క ఇది. వేరువేరు చోట్ల మనుషులు దాన్ని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూసి అదే పేరు పెట్టారంటే నాకు ఎందుకో చాలా సంతోషంగా ఉంటుంది.

*

నాకు ఏ తొమ్మిదో పదో ఏడప్పుడు ఒక కోరిక పుట్టింది. ఇంత అందమైన పూలు పెరట్లో ఎందుకు? వీధిలోకి వేస్తే అందరూ చూస్తారు కదా! నానమ్మ వద్దంది. నాన్న "పోనీ అమ్మా, వేసుకోనీ" అన్నాడు. ముందున్న ప్రహరీ వారన నాకోసం పాదులు చేశాడు. పన్నెండు మొక్కలు, అన్నీ నావే. నీళ్ళు బావి నుంచి నేనే మోశాను. చిన్న బిందెతో ఒక్కో మొక్కకీ ఒక బిందె.

సాయంత్రాలు నా మొక్కల చిగుర్లు పడమరకి తిరిగేవి. పడమరంటే మా ఇల్లే. వరండా మెట్ల మీద కూర్చుంటే పన్నెండూ నన్నే చూస్తున్నట్టుండేది. మొగ్గలు వచ్చాక కూడా కొన్నాళ్ళు అలాగే తిరిగాయి. పూలు విచ్చుకున్నాక సాయంత్రాలు ఇలాగే నా వైపు చూస్తాయని ఎంత ఎదురుచూశానో!

మొగ్గ అంచున పసుపు కనబడిన రోజుల్లో తిరగడం తగ్గింది. పువ్వు పూర్తిగా విచ్చుకునేసరికి ఆగిపోయింది. పన్నెండు పూలూ తూర్పు వైపు, వీధిలోకి ముఖం పెట్టి నిలబడ్డాయి. సాయంత్రమైనా కదల్లేదు. మెట్ల మీద నుంచి చూస్తే నాకు కనిపించేవి ఆకుపచ్చటి వీపులు, వాటి అంచున ఎండపడి మెరిసే రేకల కొసలు. వీధిన పోయేవాళ్ళు ఆగి ఆగి చూసేవారు. నేను గేటు తీసుకుని వీధిలోకి వెళ్ళి, వాళ్ళతో పాటు నిలబడి నా పూలని చూసుకునేదాన్ని.

ఒకరోజు అలా చూసొచ్చి ఏడ్చేశాను. నానమ్మ పక్కన కూర్చుని కళ్ళు తుడిచింది. "ఎదిగాక ఇంక తిరగదే తల్లీ. తూర్పు చూస్తూ ఉండిపోతుంది. అది మన వైపు చూడాలంటే మనకి పడమట నాటాలి" అంది. అప్పుడు అర్థమైంది, పెరట్లో పడమటి గోడ వార వరస ఎందుకో. వెనక వరండాలో కూర్చుంటే ముప్ఫై నలభై పూలు ఇంట్లోకి చూస్తూ ఉండేవి. ఆవిడ ఏళ్ళ తరబడి కూర్చుని కూరలు తరిగింది వాటి ఎదురుగానే.

ఎదిగిన పువ్వు తూర్పుకే ఎందుకు ఉండిపోతుందో కూడా ఆ పరిశోధనలోనే ఉంది. తూర్పు చూసే పువ్వు పొద్దున్నే త్వరగా వేడెక్కుతుంది. ఆ వెచ్చదనానికి తేనెటీగలు వస్తాయి. పడమరకి తిప్పి పెట్టిన పూల కంటే ఐదింతల దాకా ఎక్కువగా వచ్చాయట.

*

తేనెటీగల కంటే ముందు లేచేది తుమ్మెద. నల్లగా, లావుగా, పెద్ద ఝుంకారంతో వచ్చి పువ్వు మీద వాలితే రేకలు కదిలేవి. ఆ చప్పుడు వినబడితే ఎనిమిది గంటలు కావస్తున్నట్టు లెక్క.

నాన్న దగ్గర ఒక భూతద్దం ఉండేది. దాన్ని పువ్వు మీద పెట్టి నాకు చూపించిన రోజు మరిచిపోలేను. మనం పువ్వు అనుకునేది ఒక్క పువ్వు కాదు, వందల చిరుపూల గుంపు. చుట్టూ ఉన్న పసుపు రేకలు ఒక్కొక్కటీ ఒక్కో పువ్వే, కానీ వాటికి గింజ కట్టదు. గింజలు కట్టేవి మధ్యలోని గుండ్రంలో ఉన్న చిన్నవి. అవన్నీ ఒకేసారి విచ్చుకోవు. బయటి వరసల నుంచి మొదలై రోజుకి కొన్ని వరసల చొప్పున లోపలికి పోతాయి. వారం పది రోజుల పని అది. భూతద్దంలో ఐదు కొసల చిన్న పసుపు గొట్టం, అందులోంచి పొడుచుకొచ్చిన నల్లటి కేసరం, దాని మీద పుప్పొడి. దానికి కాస్త అవతల, నిన్న విచ్చుకున్న వరసలో, అదే గొట్టంలోంచి రెండుగా చీలి వెనక్కి చుట్టుకున్న సన్నటి కీలాగ్రం. ముందు పుప్పొడి ఇవ్వడం, తర్వాత పుచ్చుకోవడం. పక్కపక్క వరసల్లో రెండూ కనిపించాయి. చెంప మీద ఎండ చురుక్కుమంటున్నా నేను భూతద్దం వదల్లేదు.

మబ్బుపట్టి తేనెటీగలు రాని రోజుల్లో నానమ్మ ఆ పని తనే చేసేది. పల్చటి పాత మెత్తగుడ్డ అరచేతికి చుట్టుకుని, పువ్వు మీద గుండ్రంగా, నిద్రపోతున్న పసిబిడ్డ వీపు రాసినంత మెల్లగా రాసేది. ఒకదాని మీద రాసి, అదే గుడ్డతో పక్కదాని మీద. రోజు విడిచి రోజు, ఎండ ముదరకముందే. అలా చేయకపోతే తాలుగింజలు ఎక్కువవుతాయి. పైకి గింజలాగే ఉంటుంది, నొక్కితే లోపల ఏమీ ఉండదు.

పూలు ఎండాక నాన్న ఇంకో ముచ్చట చూపించాడు. గింజలు నిండిన పువ్వుని బల్ల మీద పెట్టి, సుద్దముక్కతో ఒక వంపు వెంబడి చుక్కలు పెట్టుకుంటూ పోయాడు. అలా ఒక వైపు తిరిగే వంపులన్నీ లెక్కపెట్టించాడు. ముప్ఫై నాలుగు. తర్వాత రెండో వైపు తిరిగేవి. యాభై ఐదు. చిన్న పువ్వు తీసుకుంటే 21, 34 వచ్చాయి. కాగితం మీద 1, 1, 2, 3, 5, 8, 13, 21, 34, 55 అని రాసి, ముందు రెండూ కలిపితే తర్వాతది వస్తుందని చూపించి, దీన్ని ఫిబొనాచీ వరస అంటారన్నాడు. ఒక్కో చిరుపువ్వూ తన ముందుదానికి దాదాపు 137.5 డిగ్రీలు పక్కకి జరిగి పుడుతుంది, అందుకే మధ్యలో ఎక్కడా జాగా వృథా కాదు. నానమ్మ చేటలో గింజలు చెరుగుతూ అంతా వింది. "లెక్క కుదిరింది సరే, ఆ సుద్ద గింజలకి అంటనీకు" అంది.

*

గింజ పాలుపోసుకునే వేళకి చిలుకలు వచ్చేవి. పువ్వు నెత్తి మీద తలకిందులుగా వేలాడి, ఒక్కో గింజా లాగి, పొట్టు వలిచి కింద పడేసి, లోపలిది తినేవి. ఆ పొట్టు రాలే చప్పుడు, మధ్యమధ్యలో వాటి అరుపులు. మేం పాత గుడ్డముక్కలు పూలకి ముసుగుల్లా కట్టేవాళ్ళం. కట్టే ముందు నానమ్మ ఎప్పుడూ మూడు పూలు వదిలేయించేది. "అవి వాటివి" అనేది. ఏ మూడో తనే చూపించేది. చిన్నవి చూపించేది కాదు.

కోత అయ్యాక నిలబడి ఉన్న కాండాలు ఎండేవి. వాటిని చీరితే లోపల తెల్లటి బెండు. తేలిగ్గా, మెత్తగా, గోరుతో నొక్కితే గుంటపడేలా. దాంతో మేం చేయని బొమ్మ లేదు. పడవలు, బండి చక్రాలు, పుల్లలు గుచ్చిన జంతువులు. తొట్టినీళ్ళలో తమ్ముడి పడవలు రోజుల తరబడి తేలుతూ ఉండేవి. ఇప్పటి పిల్లలకి బెండు అంటే ఏమిటో చూపించడానికి కిందటేడాది ఒక కాండం దాచిపెట్టాను.

ఒక ఏడు ఎవరో నాన్నకి కొత్త విత్తనాల పొట్లం ఇచ్చారు. మొక్కలన్నీ ఒకే ఎత్తు, పూలన్నీ ఒకే పరిమాణం. అందరికీ తెగ నచ్చాయి. వాటి గింజలు దాచి మరుసటేడు వేస్తే ఒకటి ఆరడుగులు పెరిగింది, ఇంకొకటి నడుమెత్తులోనే కొమ్మలేసి పది చిన్న పూలు పూసింది. హైబ్రిడ్ గింజ అంతే, దాని పిల్లల్లో తల్లి పోలిక నిలవదు. నానమ్మ తన సొంత గింజలు వేరే డబ్బాలో భద్రంగా ఉంచుకుంది కాబట్టి మా వరస మాకు దక్కింది. ఈ మధ్య కుండీల్లో పెట్టుకోవడానికి పుప్పొడి లేని రకాలు వచ్చాయి, బల్లగుడ్డ మీద పసుపు రాలదని. నాకు అవి నచ్చవు. పుప్పొడి కోసం వచ్చిన తేనెటీగ వట్టి కాళ్ళతో తిరిగిపోవడం నేను చూడలేను.

*

నానమ్మ చివరి రోజుల్లో మంచం దిగలేకపోయింది. నేను అప్పటికి ఉద్యోగంలో ఉన్నాను. సెలవుపెట్టి ఇంటికొచ్చాను. ఆవిడ గది కిటికీ పెరట్లోకి, అంటే పడమరకి. కానీ గోడ దూరం. ఆవిడ చూపు అంత దూరం ఆనడం లేదు.

కిటికీకి పది అడుగుల దూరంలో తవ్వాను. గింజలు నానేశాను. వేలి కణుపు దాకా గుంతలు, మొన కిందికి. ఎనిమిది మొక్కలు. తర్వాత నేను ప్రతి వారాంతం వస్తూ పోతూ ఉన్నాను. మధ్యలో తమ్ముడు నీళ్ళు పెట్టాడు, మొదళ్ళకి మన్ను ఎగదోశాడు, గాలికి పడిపోకుండా ఊతకర్రలు కట్టాడు. రెండు నెలలు దాటాయి. ఒక శనివారం పొద్దున్న నేను గదిలోకి వెళ్ళేసరికి ఆవిడ కిటికీ వైపు ఒత్తిగిలి ఉంది. ఎనిమిది పూలూ గదిలోకి చూస్తున్నాయి.

"పడమట నాటావు" అంది.

ఆ రెండు రోజులూ గుడ్డ చేతికి చుట్టుకుని నేను పూల మీద రాస్తుంటే, కిటికీలోంచి చెప్పేది. "అంత గట్టిగా కాదే." "ఆ చివరిది వదిలేశావు." నేను వెనక్కి వెళ్ళి చివరిది రాశాను. గదిలోకి వచ్చి ఆవిడకి మంచినీళ్ళు పట్టిస్తే నా చెయ్యి పట్టుకుని వాసన చూసింది.

గింజ గట్టిపడేలోగా ఆవిడ వెళ్ళిపోయింది. ఆ ఎనిమిదింటిలో మూడింటికి మేం ముసుగు కట్టలేదు. మిగతా ఐదూ ఎండాక కోశాం. అన్నిటికంటే పెద్దది ఏదో చూసి, దాని గింజలు నేను తెచ్చుకున్నాను. అప్పటి నుంచీ ప్రతి ఏడూ వేసి, కోసి, దాచి, మళ్ళీ వేస్తున్నాను. నిన్న కోసింది ఆ వరసలోదే.

దాన్ని ఒక కాగితం మీద పెట్టి బొటనవేలితో రాస్తే గింజలు జలజలా రాలాయి. నల్లవి, అంచున బూడిదరంగు చారలవి. తాలువి ఏరేశాను. మధ్యలో కొన్ని ఉన్నాయి, ఎక్కువ లేవు. మిగిలినవి నీడలో ఆరబెట్టాను. తొట్లు మాత్రం ఇన్నాళ్ళూ మెట్ల పక్కన తూర్పున ఉండిపోయాయి, ఎండ బాగా వస్తుందని అక్కడ పెట్టాను. మేం కూర్చునే చోటికి వాటి వీపులే కనబడుతున్నాయి. ఈ ఆదివారం తమ్ముడు వస్తానన్నాడు. ఇద్దరం కలిసి వాటిని పడమటి పిట్టగోడ వారకి జరపాలి.